తలుపు మెల్లగా వేయవలెను

శనివారం తొమ్మిది గంటలకు తలుపు విప్పాలి. పదింటికి వంగిన మూల సరిచేయాలి. పదకొండుకు దోమల జాలీ బిగించాలి. పన్నెండుకల్లా తలుపు తన చోట తానుండాలి. నాలుగింటికి వదిన రావాలి. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు ఇవన్నీ వరసగా రాసి, ఒక్కో పని కింద స్కేలుతో గీత కొట్టి, ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది అంగుళం.

అంగుళం ఆమె అసలు పేరు కాదు. పెళ్లయిన కొత్తలో అత్తవారింట భోజనాల మధ్య లేచి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో కిటికీ తెర సర్దివచ్చింది. ఏమైందని అందరూ కంగారుపడితే, "ఒక పక్క అంగుళం కిందికి దిగింది" అంది. అప్పుడు పడీపడీ నవ్వి ఆడపడుచు, అంటే ఈ వదినే, పెట్టిన పేరది. ఆ పేరు ఇరవై రెండేళ్లుగా ఆవిడ నోట ముద్దుగానే పలికింది. ఏడు వారాల నుంచే పలకడం లేదు. ఫోన్ చేస్తే తమ్ముడితో మాట్లాడి పెట్టేస్తోంది.

కారణం, ఈ తలుపే. వీధి గుమ్మానికి చెక్క తలుపు కాక, దోమలు రాకుండా బయటివైపు అల్యూమినియం ఫ్రేముతో ఒక జాలీ తలుపుంది. తీసి వదిలితే దానంతటదే మూసుకోవడానికి పైభాగాన ఒక స్ప్రింగు, స్ప్రింగు చివర చిన్న గొలుసు ఉన్నాయి. ఆ గొలుసులో ఒక కన్ను తలుపు కొక్కేనికి తగిలించి ఉంటుంది. మిగిలిన గొలుసు ముక్క వేలాడుతూ గాలికి టింగుటింగుమంటుంటే అంగుళం దాన్ని దారంతో కట్టేసింది. వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తుంది కూడా.

ఏడు వారాల కిందట వదిన పది రోజులుందామని వచ్చింది. గాలివానలాంటి మనిషి. నవ్వితే వీధి చివరికి వినపడుతుంది, ఆమె లోపలికొస్తే వెనకే తలుపు ఢాంమని పడుతుంది. అయిదో రోజు చూసేసరికి ఫ్రేము కింది మూల నోరు తెరిచింది. అంగుళం ఒక్క మాట అనకుండా తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో "తలుపు మెల్లగా వేయవలెను" అని రాసి తలుపు ఫ్రేముకు అంటించింది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. అందులో ఇద్దరు పదేళ్లుగా ఆ తలుపును చివరిదాకా చేత్తో పట్టుకుని మరీ వేస్తున్నారు. ఇక ఆ చీటీ ఎవరికో చెప్పడానికి పంచాంగం చూడనక్కర్లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం అందరూ కూర్చుని ఉండగా, "మా తలుపుకు అంత బలం లేదు వదినా. మీ చెయ్యి కాస్త బరువు" అంది, నవ్వుతూనే. వదిన కూడా నవ్వింది. చేతిలోని గ్లాసును మాత్రం చప్పుడు కాకుండా బల్లమీద పెట్టింది. మర్నాడు నాలుగు రోజులు ముందే పొద్దుటి బస్సుకు వెళ్లిపోయింది. తలుపు చప్పుడు కాలేదు. అందుకే ఆమె వెళ్లిన సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆ రోజు నుంచి అంగుళానికి గొంతులో చేప ముల్లు పడ్డట్టుంది. మింగలేదు, కక్కలేదు. చీటీ తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని తీయనూలేదు. మొన్న శ్రీవారు ఫోన్ పెట్టేసి, "అక్కయ్యకు భుజం పట్టేసిందట. శనివారం ఇక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రే. నాలుగింటికి మనింటికొచ్చి ఓ గంట కూర్చుని వెళ్తుందట" అన్నాడు.

"గంటేనా? ఉండరా?"

"గంటే అంది."

తలుపు బాగైపోతే ఆ ప్రస్తావనే రాదు, ప్రస్తావన రాకపోతే వదిన ఉంటుంది. ఇదీ అంగుళం లెక్క. 'ఉండండి వదినా' అని నోటితో అడగడం కంటే తలుపు బాగుచేయడం తేలికనిపించింది.

తొమ్మిదికి ముందే చీటీ పీకింది. జిగురు గట్టిది. కాగితమంతా ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది గానీ మధ్యలో "మెల్లగా" అన్న ముక్క మాత్రం గోటికి, కత్తికి, కిరోసిన్‌కి దేనికీ లొంగలేదు.

శ్రీవారు పనిముట్ల పెట్టె తెచ్చాడు. ఆ పెట్టెలో అవసరమైన పనిముట్టు తప్ప తక్కినవన్నీ ఉంటాయి.

"ముందు స్ప్రింగు తీయాలా, స్క్రూలు తీయాలా?"

"కాగితంలో తలుపు విప్పుట అని రాశాను."

"అది నేనూ చదివాను."

"చదివితే చేయండి మరి."

శ్రీవారు స్టూలెక్కి కొక్కెంలోంచి గొలుసు తప్పించాడు. ఆ స్ప్రింగు ఎంత కోపంగా ఉందో ఆయనకు తెలియదు. గొలుసు కొరడాలా లేచి, ఆయన చెవి పక్కగా దూసుకుపోయి, గోడకున్న కాలింగ్ బెల్లు బొత్తాం మీద పడింది. బొత్తాం లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. అది కోయిల కూత బెల్లు. కోయిల మొదలుపెట్టింది, ఇక ఆపలేదు.

"ఆపండి దాన్ని!"

"ఏంటీ?"

"కోయిలని!"

"ఫ్యూజు తీస్తానుండు! ఈ స్క్రూలు అరిగిపోయాయి, రావడం లేదు! ఏం చేయను?"

కోయిల కూతలో మామూలు మాట వినపడదు. అంగుళం పుట్టి బుద్ధెరిగి అంత గట్టిగా అరవలేదు. "పీకిపారేయండి! ఈ తలుపు వల్లేగా మీ అక్కయ్య మన గడప తొక్కడం మానేసింది!"

శ్రీవారు వరండాలోని మీటరు పెట్టె తెరిచి ఫ్యూజు తీసింది సరిగ్గా ఆ మాట మధ్యలోనే. 'పీకిపారేయండి' కోయిలలో కలిసిపోయింది. 'మీ అక్కయ్య మన గడప తొక్కడం మానేసింది' మాత్రం మూడంతస్తుల మెట్లమీదా స్పష్టంగా మోగింది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఎదురింటి పిన్నిగారు మంచి మనిషి. కష్టం ఎవరింట్లో ఉన్నా తనింట్లో ఉన్నట్టే చూస్తుంది, సాధ్యమైనంత దగ్గర్నుంచి చూస్తుంది. పోయినసారి వదినా ఆవిడా ఒకటే కబుర్లు.

"ఏంటమ్మాయ్, పొద్దున్నే ఈ గొడవ?"

"గొడవేం లేదు పిన్నిగారూ. తలుపు తీసేస్తున్నాం."

"తీసేస్తున్నారా? శుభ్రంగా ఉన్న తలుపుని?"

"శుభ్రంగానే ఉంది, తిన్నగా లేదు."

పిన్నిగారు మీటరు పెట్టె దగ్గర చెవి తడుముకుంటున్న శ్రీవారిని చూసింది. ఆ చెవి ఎర్రబడి ఉంది. తర్వాత అంగుళం కుడి చేతిని చూసింది. "సర్లేమ్మా, ఏ సంసారంలో లేవు" అని నిట్టూర్చి లోపలికెళ్లింది.

పదిన్నరకు తలుపు భోజనాల బల్లమీద, పాత దుప్పటి మీద పడుకుంది. జాలీని పట్టి ఉంచే రబ్బరు తాడును శ్రీవారు ఒక చివర పట్టి చిన్నగా లాగాడు. అది ఊలు బంతి విప్పినట్టు నాలుగు వైపులా చుట్టూ తిరిగి మొత్తం చేతిలోకి వచ్చింది, దాని వెనకే జాలీ కూడా. అంగుళం టేపు తెచ్చి ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచింది. తిన్నగా ఉంటే రెండూ సమానం కావాలి. ఒకవైపు ఎనభై ఏడంగుళాలు, రెండోవైపు ఎనభై ఎనిమిది.

"ఒక్క అంగుళమేగా. చిటికెలో పని" అన్నాడు శ్రీవారు. సుత్తికి తువ్వాలు చుట్టి నోరు తెరిచిన మూలమీద ఒక దెబ్బ వేశాడు. ఆ మూల నోరు మూసుకుంది, ఎదుటి మూల తెరుచుకుంది. అక్కడ వేస్తే ఇక్కడ లేచింది. ఎలుకలున్న ఇంట్లో కన్నాలు మూసినట్టు అయిదారుసార్లు బల్ల చుట్టూ తిరిగాడు.

"కొలిచి కొట్టండి" అంది అంగుళం.

"కొట్టాక కొలువు."

కొలిచింది. ఎనభై అయిదు, తొంభై. పొద్దుట దాదాపు తిన్నగా ఉన్న తలుపు ఇప్పుడు గాలిపటంలా ఉంది. శ్రీవారు దాన్ని గోడకానించి, మోకాలితో ఒక మూలను, భుజంతో ఇంకో మూలను ఒకేసారి నొక్కాడు. లోపల ఎక్కడో ఠక్కుమంది. తలుపు నాలుగు పట్టీలుగా విడిపోయి నేలమీద పరుచుకుంది.

ఫ్రిజ్ మీది కాగితం ప్రకారం అప్పటికి దోమల జాలీ బిగించే వేళయింది.

"అల్యూమినియం మేస్త్రిని పిలుద్దామా?" అన్నాడు శ్రీవారు చిన్న గొంతుతో.

"ఆ మాట మొన్ననే అన్నాను."

"నువ్వన్నావు. నేనే వినలేదు."

ఆ ఒక్కమాట తిన్నగా ఉంది. అంగుళం ఫోన్ అందుకుంది.

మేస్త్రి పన్నెండున్నరకు వచ్చాడు. మాటకు ముందు ఒకసారి, మాటయ్యాక ఒకసారి తల ఊపే మనిషి. నేలమీద కూర్చుని నాలుగు పట్టీలను పిల్లల ఒళ్లు తడిమినట్టు తడిమాడు.

"ఈ దెబ్బలెవరివి?"

"సుత్తికి తువ్వాలు చుట్టాను" అన్నాడు శ్రీవారు.

"తువ్వాలు బాగానే ఉంది సార్."

తర్వాత మేస్త్రి విరిగిన మూల లోపలి బిగింపు ముక్కను వెలుతురుకేసి పట్టి చూశాడు. "ఇది ఇవాళ్టి దెబ్బ కాదు, పాతది" అని లేచి గుమ్మం దగ్గరికెళ్లి స్ప్రింగును చూశాడు. గొలుసును అరచేతిలోకి తీసుకున్నాడు. దారం విప్పి ఒక్కో కన్ను లెక్కపెట్టాడు.

"ఎనిమిది కళ్లు వదిలేసి తగిలించారు. ఇంత బిగువుగా ఎవరు బిగించారమ్మా?"

శ్రీవారు పైకప్పుకేసి చూశాడు. అక్కడ చూడటానికేమీ లేదు.

"తలుపు పూర్తిగా మూసుకోకుండా వేలి మందం సందు ఉండిపోయేది" అంది అంగుళం. "సందు కనబడినప్పుడల్లా ఒక కన్ను బిగించాను. ఏం? బిగువుగా ఉంటే మంచిదేగా?"

మేస్త్రి తల ఊపాడు. "స్ప్రింగు పైనుంది. పైసగాన్ని రారమ్మని లాగుతుంది. కింద సగం వెనకబడుతుంది. రోజుకు యాభైసార్లు అట్లా మెలితిప్పితే కింది మూల విరగక ఏం చేస్తుంది? ఇది తోస్తే విరిగింది కాదమ్మా, లాగితే విరిగింది."

"మా ఇంటికొచ్చినవాళ్లు గట్టిగా వేసేవారు. ఢాంమని పడేది."

"ఇంత బిగిస్తే చీమ తోసినా ఢాంమనే పడుద్ది. మీరు చేత్తో పట్టుకుని వేస్తారు కాబట్టి మీకు తెలీలేదు. ఇది మెత్తటి లోహమమ్మా. వంగింది నేను తిన్నగా తీస్తాను. కానీ వంగిన చోట గీత ఉండిపోద్ది. అదే చోట రెండోసారి వంచితే మాత్రం విరిగిపోద్ది, ఇక నా చేతుల్లో ఉండదు."

అంగుళం అక్కడే కుర్చీలో కూర్చుంది. ఎనిమిది కళ్లు. వారం వారం తడిగుడ్డతో తుడిచినవే. వాటిని ఎన్నిసార్లు చేత్తో పట్టుకుందో, ఒక్కసారీ లెక్కపెట్టలేదు. వదిన గ్లాసు పెట్టిన తీరు కళ్లముందు కదిలింది.

"మీకు తెలుసా?" అంది శ్రీవారితో.

"మూల సంగతి తెలీదు. బిగించిన సంగతి తెలుసు. నువ్వు బిగించిన ప్రతిసారీ స్టూలు పట్టుకున్నది నేనేగా."

"మరి ఆ రోజు వదినని అంటుంటే నోరు విప్పలేదేం?"

"విప్పితే అక్కయ్యతో పాటు నేనూ పొద్దుటి బస్సెక్కాల్సొచ్చేది" అన్నాడు. అన్నాక, "విప్పాల్సింది" అన్నాడు.

అంగుళం గోడ గడియారం చూసింది. ఒంటిగంటన్నర. నాలుగింటిలోపు ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో క్యాలెండరు కాగితం మీద రాసుకుందామని లేచింది. లేచి గుమ్మంకేసి తిరిగేసరికి, తలుపులేని ఆ గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఆయాసపడుతోంది. ఒక చంకలో ఎక్స్‌రే కవరు, ఒక చేతిలో కాగితపు పొట్లం. వెనకాల పిన్నిగారు చేతిలో ఫోన్ పట్టుకుని ఉంది.

"ఒరేయ్ తమ్ముడూ, నీ చెవి బాగానే ఉందా?" అంది వదిన.

"నా చెవికేం?"

"కొట్టుకున్నారటగా మీరిద్దరూ! నా పేరు చెప్పి తలుపు ఊడబీకి ముక్కలు చేస్తున్నారట! పిన్నిగారు ఫోన్ చేస్తే డాక్టరు మాట పూర్తిగా వినకుండా ఆటో ఎక్కి వచ్చా." వదిన లోపలికొచ్చి, నేలమీది నాలుగు పట్టీలనూ, జాలీనీ, సుత్తినీ, నేలమీద కూర్చున్న మేస్త్రినీ చూసింది. ఆమె మొహం చిన్నబోయింది. "నిజమేనన్నమాట. ఎంత పని చేశారే! తలుపు నేను పాడుచేశాను, సరే. దానికి మీరిద్దరూ తగువుపడతారా?"

"సుత్తి చప్పుడు విన్నానమ్మా" అంది పిన్నిగారు అపరాధిలా. "తలుపుని కొడుతున్నారో, ఒకరినొకరు కొట్టుకుంటున్నారో ఎలా తెలుస్తుంది?"

"వదినా, ముందు కూర్చోండి" అంది అంగుళం.

"కూర్చోడానికి రాలేదే. సాయంత్రం మర్యాదగా వచ్చి ఇచ్చి వెళ్దామనుకున్నా." వదిన పొట్లం విప్పి బల్లమీద పెట్టింది. కొత్త స్ప్రింగు. బొటనవేలంత లావుంది. "నా వల్ల పాడైందిగా, నేనే తేవాలి. షాపంతా వెతికి అన్నిటికంటే గట్టిది అడిగి మరీ తెచ్చా. దీనికి తలుపు దానంతటదే టక్కున మూసుకుపోతుందట. నాలాంటి మొరటు చేతులు తాకనక్కర్లేదట."

మేస్త్రి కప్పుకేసి చూశాడు. శ్రీవారు ముందే చూస్తున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. స్ప్రింగు తీసుకుని, ఎంత మంచివారు వదినా అని, ఓ గ్లాసు మంచినీళ్లిచ్చి కూర్చోబెడితే తలుపు ప్రస్తావన అక్కడితో ముగిసేది. పొద్దుటి నుంచి అంగుళం కోరుకున్నదీ అదే. ఆమె చెయ్యి స్ప్రింగు దాకా వెళ్లింది కూడా.

"తలుపు విరగ్గొట్టింది మీరు కాదు వదినా. నేను."

"ఏంటే?"

"నేనే. స్ప్రింగు ఎనిమిది కళ్లు ఎక్కువ బిగించాను. ఢాంమన్నది మీ చెయ్యి కాదు, నా గొలుసు. కావాలంటే మేస్త్రిని అడగండి."

"చీమ తోసినా అంతేనమ్మా" అన్నాడు మేస్త్రి.

వదిన కూర్చుంది. "నేను కాదా?"

"కాదు."

"మరి ఏడు వారాల నుంచి మా ఇంట్లో ప్రతి తలుపూ రెండు చేతులతో పట్టుకుని వేస్తున్నానే!" అంది వదిన. "వీధి తలుపు, పెరటి తలుపు, బీరువా, ఫ్రిజ్... ఆఖరికి పెన్ను మూత కూడా. నా చెయ్యి బరువేమోనని. అలా బిగబట్టీ బిగబట్టీ భుజం పట్టేసింది. తలుపు ముందు నిలబడి దణ్ణం పెడుతున్నానేమోనని మీ అన్నయ్య రెండు రోజులు హడలిపోయారు. ఆయన పోరు పడలేకే ఈ ఎక్స్‌రే. ఎముకలన్నీ బాగానే ఉన్నాయమ్మా, ఏమైనా బరువు మోశారా అని అడిగాడు డాక్టరు. లేదండీ, తలుపులు మెల్లగా వేశానన్నా."

శ్రీవారు నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. పిన్నిగారు ఆగలేకపోయింది. వదిన కూడా కాస్త నవ్వింది. వీధి చివరికి కాదు, ఆ గదిలోకి మాత్రమే వినపడింది.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది వదినా."

"అన్నావుగా." ఆ గొంతులో కోపం లేదు. "ఇరవై రెండేళ్లలో నువ్వు కొలవకుండా అన్న మాట అదొక్కటే. అందుకే నిజమేననుకున్నా."

"ఉండండి వదినా" అంది అంగుళం. నోటితోనే. "ఆ రోజు నాలుగు రోజులు ముందెళ్లిపోయారు. ఆ నాలుగు రోజులూ ఉండండి."

"అది కూడా లెక్కపెట్టావూ?" అంది వదిన. ఎక్స్‌రే కవరు బల్లమీద పెట్టింది. "సరే. మీ అన్నయ్యకు ఫోన్ చెయ్యి. నేను చేస్తే ఆసుపత్రిలో చేర్చుకున్నారేమోనని మళ్లీ హడలిపోతారు."

మేస్త్రి మూలలకు కొత్త ముక్కలు వేసి, పట్టీలు తిన్నగా తీసి, జాలీ బిగించి, నాలుగున్నరకు తలుపు ఎక్కించాడు. పాత స్ప్రింగే వదులుగా తగిలించాడు. వదిన తెచ్చిన స్ప్రింగును పనికొస్తుందంటూ శ్రీవారు తన పెట్టెలో వేసుకున్నాడు. అందులో అలాంటివాటికి ఎప్పుడూ చోటుంటుంది. వంగిన చోట గీత ఉంది. "మెల్లగా" కూడా ఉంది.

ఆ నాలుగు రోజులూ వదిన కబుర్లు చెప్పింది, పిన్నిగారితో మెట్లమీద కూర్చుంది, అంగుళాన్ని అంగుళమని పిలిచింది. తలుపు మాత్రం రెండు చేతులతోనే వేసింది.

"వదినా, ఇప్పుడు తలుపుకేమీ కాదు. విసిరి వేయండి."

"తెలుసే. చేతులకే తెలియడం లేదు."

వెళ్లేరోజు గుమ్మం దాటాక కూడా వెనక్కి తిరిగి, రెండు చేతులా తలుపు పట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు మూసి, మెట్లు దిగింది. అంగుళం లోపలే నిలబడి, ఒక్క ఢాం కోసం చెవులు రిక్కించి, చాలాసేపు విన్నది.

తలుపు పూర్తిగా మూసుకోలేదు. వేలి మందం సందు మిగిలింది. ఆమె చెయ్యి అలవాటుగా గొలుసు దాకా వెళ్లి, వెనక్కొచ్చింది.

ఆ సాయంత్రం ఆ సందులోంచి పదిహేడు దోమలు లోపలికొచ్చాయి. అంగుళం లెక్కపెట్టింది గానీ, ఎవరినీ ఏమీ అనలేదు.